మంచినీళ్ల చెరువులో చేపల పాట: ఒక డెల్టా పంచాయతీ కేస్ స్టడీ

బ్లీచింగ్ రిజిస్టరులో 2022 జూన్ పేజీ. మొత్తం 30 వరసలు. అన్నింటిలోనూ ‘క్లోరినేషన్ చేయడమైనది’ అని ఒకే నీలం సిరా, ఒకే వంపు, ఒకే ఒత్తు. నెల మొత్తాన్ని ఎవరో ఒక పూట కూర్చుని రాసేశారు. చూడగానే తెలిసిపోతుంది. పేజీ కింద పంచాయతీ కార్యదర్శి సంతకం ఉంది. ఆ కార్యదర్శిని నేనే.

ఈ కేసు రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మా శాఖలో కేసులు రాసేటప్పుడు ‘సమస్యను గుర్తించడమైనది’ అని మొదలుపెడతాం. ఇక్కడ నేను గుర్తించింది ఏమీ లేదు. జులై రెండో వారంలో ఒక పొద్దున సచివాలయం ఏఎన్ఎం (ఊరి ఆరోగ్యం చూసే నర్సు) ఫోన్ చేసింది. “మేడం, తూర్పు కాలనీలో మూడు రోజుల్లో తొమ్మిది మందికి విరేచనాలు. ఇద్దరికి సెలైన్ పెట్టించాను. అందరివీ పక్కపక్క ఇళ్లే.” ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. కానీ 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారం ప్రబలి జనం చనిపోయిన రోజులు ఈ జిల్లాలో పనిచేసే ఎవరికైనా గుర్తే. టెన్షన్‌తో బండి తీశాను.

ఊరి పేరు రాయడం లేదు. ఇందులోని మనుషులంతా ఇంకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతుకుతున్నారు. గుంటూరు జిల్లాలో, కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూముల్లో ఉన్న పంచాయతీ అనుకోండి. జనాభా సుమారు 3 వేలు, వార్డులు పది.

నీళ్లు వచ్చే దారి

ఈ ప్రాంతం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. డెల్టా అంటే చుట్టూ నీళ్లే కదా, తాగునీటికి ఇబ్బందేముంటుంది అనుకుంటారు. మా ఊళ్లో బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరుగుతాయి. అందుకే ఊరు మొత్తానికి ఆధారం కాలవే. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ కుడి పక్క, సీతానగరం వైపు నుంచి నీళ్లు కాలవలోకి వచ్చి దుగ్గిరాల దగ్గర చీలతాయి. అందులో కొమ్మమూరు కాలవ మా వైపు వస్తుంది. దాని నుంచి పిల్ల కాలవ, అక్కడి నుంచి తూము, తూము నుంచి చెరువు. 1855లో ఆనకట్ట పూర్తయినప్పుడు పొలాల కోసం తవ్వుకున్న దారి ఇది. 1957లో ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది. ఊళ్ల తాగునీళ్లు మాత్రం ఇప్పటికీ పొలం నీళ్ల వెంటే రావాలి.

ఏటా ఎండాకాలంలో కాలవ కట్టేస్తారు. కట్టేసేలోపు చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలవ వదిలే వరకు, అంటే జూన్ దాకా, ఒక్కో ఏడు జులై దాకా, ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి.

చెరువు నీళ్లు నేరుగా కుళాయికి రావు. బావిలోకి, అక్కడి నుంచి రెండు ఫిల్టరు బెడ్లలోకి, తర్వాత సంపులోకి, చివరికి ఓవర్‌హెడ్ ట్యాంకుకి వెళ్తాయి. ఈ ఫిల్టరు బెడ్డు చూడటానికి ఇసుక నింపిన తొట్టి, అంతే. కానీ పని చేసేది ఇసుక కాదు. ఇసుక పైన కొన్నాళ్లకు వేలి మందం కూడా లేని బంక పొర ఒకటి కడుతుంది. అందులో కంటికి కనపడని జీవాలుంటాయి. నీళ్లలోని రోగ క్రిములను పట్టి తినేసేది అవే. నీళ్లు నిదానంగా, గంటకు జానెడు కూడా కాదు, బెత్తెడు దిగితేనే వాటి పని అవుతుంది. తొందరపెడితే కాదు. ఆ పొర మరీ మందమైపోతే నీళ్లు దిగడం ఆగిపోతుంది. అప్పుడు పై ఇసుక రెండంగుళాల లోపు గీకి తీసేసి, మళ్లీ పొర కట్టే వరకు కొన్ని రోజులు ఆ బెడ్డు నీళ్లను వాడకుండా వదలాలి. ఒకటి ఆగితే రెండోది నడుస్తుంది. అందుకే రెండు.

ట్యాంకు దగ్గర ఆ రోజు

ట్యాంకు కింది కుళాయి నుంచి గాజు గొట్టంలో నీళ్లు పట్టి ఓటీ చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలి. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలని లెక్క. గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మా ఇంజినీరింగ్ అసిస్టెంటు ఇంకో రెండు చుక్కలు వేశాడు. రంగు లేదు.

పంపు ఆపరేటరును బ్లీచింగ్ ఎంత వేస్తున్నావని అడిగితే “రెండు దోసిళ్లు మేడం” అన్నాడు. మాది 60 వేల లీటర్ల ట్యాంకు. మామూలుగా వాడే లెక్క వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే 240 గ్రాములు చాలు. దోసిలి లెక్కన చూస్తే ఎక్కువే పడాలి. కానీ బస్తా మూతి విప్పి పంపు గదిలో తడి నేల మీద పెట్టారు. అది విప్పి ఎన్ని నెలలైందో అతనికీ తెలియదు. చేత్తో తీస్తే సుద్దపొడిలా ఉంది, ముక్కుకు ఘాటే తగలలేదు. బ్లీచింగ్ పౌడర్ గాలి తగిలితే సత్తువ పోతుంది. అతను శ్రద్ధగా సున్నం కలిపాడు. కలిపిన రోజులు, కలపని రోజులు రెండూ రిజిస్టరులో ఒకటే అయ్యాయి.

అసలు సంగతి ఫిల్టరు బెడ్ల దగ్గర బయటపడింది. బావి నుంచి సంపుకి ఇంకో పైపు ఉంది. ఫిల్టరుతో పనిలేకుండా నేరుగా వెళ్లే దారి. కట్టినప్పుడు మరమ్మతుల కోసం పెట్టారేమో. దాని వాల్వు చక్రం మీద తుప్పు అరిగిపోయి చేతి రాపిడికి మెరుస్తోంది. రోజూ తిప్పితే తప్ప అలా మెరవదు.

“ఇది ఎప్పటి నుంచి తిప్పుతున్నావు?”

అతను తల గోక్కున్నాడు. “బెడ్లు దిగట్లేదు మేడం. గీకిన పది రోజులకే మూసుకుపోతన్నాయి. నీళ్లు రాకపోతే నన్ను తిడతారు. మురికి నీళ్లు వస్తే కాలవను తిడతారు.”

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో పరిపాలన గురించి నేను విన్న మాటల్లో అంత నిక్కమైనది ఇంకొకటి లేదు.

మామూలుగా నెలకో, నెలన్నరకో ఒకసారి గీకాల్సిన బెడ్డు పది రోజులకే ఎందుకు మూసుకుపోతోంది? చెరువు గట్టెక్కితే జవాబు అక్కడే ఉంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ. తూముకు ఎదురుగా వెదురు గడలకు తవుడు సంచులు చిల్లులు పెట్టి వేలాడదీశారు. గట్టు మీద కోళ్ల పెంట బస్తాలు. చేపల చెరువుల్లో మేత పెట్టే పద్ధతే అది. బొచ్చె, రాగండి తవుడు తింటాయి. తినగా మిగిలింది, అవి విసర్జించింది నీళ్లకు ఎరువవుతుంది. ఎరువు తగిలితే నాచు పుడుతుంది. ఆ నాచే వచ్చి ఫిల్టరు ఇసుక మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

చెరువులో చేపలు పట్టుకునే హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. మా భాషలో చెరువు పాట. ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, జులై 1న మొదలవుతుంది కాబట్టి జూన్‌లోనే పాట పెడతాం. 1432 ఫసలీకి, అంటే 2022 జులై నుంచి 2023 జూన్ వరకు, పాట పెట్టిందీ, టాంటాం వేయించిందీ, హెచ్చు పాట ఖాయం చేస్తూ ప్రొసీడింగ్స్ రాసిందీ నేనే. పాట ఒక ఫైలులో ఉంది, ఫిల్టరు ఖర్చు ఇంకో ఫైలులో ఉంది, విరేచనాల లెక్క ఏఎన్ఎం టాబ్‌లో ఉంది. ఆ మూడింటినీ ఒక బల్ల మీద పెట్టిన వాళ్లు ఎవరూ లేరు.

తొందరపడి చేసిన తీర్మానం

కాలనీకి వారం రోజులు ట్యాంకర్లతో నీళ్లు తోలించాం. కొత్త బ్లీచింగ్ తెప్పించాం. వాల్వుకు తాళం వేశాం, తాళం చెవి సచివాలయంలో పెట్టాం. ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోయిన పనులు.

ఆగస్టు మీటింగులో మాత్రం నేనో తప్పు చేశాను. అందరూ భయపడి ఉన్నారు కదా, ఇదే అదను అనుకున్నాను. ‘ప్రజారోగ్యం దృష్ట్యా చేపల పాట రద్దు చేయడమైనది’ అని తీర్మానం రాయించాను. పది మందిలో ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. చదవడానికి బాగానే ఉంది. కానీ మేత వేయకూడదని పాట షరతుల్లో ఎక్కడా లేదు. పాత షరతుల కాగితాన్ని తేదీలు మాత్రం మార్చి అతికించింది కూడా నేనే. పాటదారు ధరావత్తు కట్టాడు, సొమ్ములో సగం కట్టాడు, పిల్ల వేశాడు. అప్పు తెచ్చి పెట్టిన డబ్బది. అతను గొడవ పడలేదు. ఒక సాయంత్రం ఆఫీసుకు వచ్చి బల్ల మీద రసీదులు ఒక్కొక్కటే పరిచాడు.

“మేడం, మేత వెయ్యొద్దని ఇందులో ఎక్కడుందో చూపించండి. ఉంటే రేపే వలేసి ఎత్తేస్తా. లేకపోతే నేను వకీలు దగ్గరికి పోవాలి, మీరూ రావాలి.”

అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. మండలంలో పెద్దవాళ్లను అడిగితే అదే అన్నారు: షరతు ఉల్లంఘించని వాడి పాటను ఏ కారణం చూపి రద్దు చేస్తారు? సెప్టెంబరు మీటింగులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాం. ఊళ్లో ఒకటే మాట: “సెక్రటరీకి ముట్టింది.” ఆ మాట రెండు నెలలు మోశాను. తోటి కార్యదర్శులకు ఇక్కడొక్కటే చెబుతాను. పాట నోటీసు అంటించే ముందు షరతుల కాగితం చదవండి. పోయినేడాది సంతకం మీదే అయినా సరే.

అప్పటికి కుదిరిన రాజీ ఇది: కోళ్ల పెంట పూర్తిగా బంద్, తవుడు వారానికి రెండు రోజులే, అదీ తూముకు దూరంగా ఉన్న మూలలో. పెంట మానేశాడు. తవుడు రాత్రిళ్లు వేశాడని ఆపరేటరు అంటాడు, లేదని అతనంటాడు. గీకే గడువు పది రోజుల నుంచి పదహారు, పదిహేడుకు వచ్చింది. అంతే.

ఒక కాగితం, రెండు వరసలు

ఆ చలికాలంలో నేను చేసిన పనికొచ్చే పని ఒక్కటే. ఎడమ పక్క చెరువు పాట మీద వచ్చిన సొమ్ము, కుడి పక్క ఆ చెరువు వల్లే అయిన ఖర్చు. బెడ్లు గీకిన కూలీ, కొత్త ఇసుక, పటిక, అదనంగా పడిన బ్లీచింగ్, ట్యాంకర్లు, పంపు ఎక్కువ గంటలు తిరిగిన కరెంటు. ఇవన్నీ వేరు వేరు ఓచర్లలో, వేరు వేరు పద్దుల కింద ఉన్నాయి. ఓపిగ్గా ఏరి కూడితే పాట సొమ్ములో మూడొంతులు దాటింది. లాభమని పదేళ్లుగా రాసుకుంటున్న ఆదాయంలో నిజంగా మిగిలేది పావలా వంతు కూడా కాదు. కాలనీ వాళ్లు పోగొట్టుకున్న కూలి రోజులు అందులో లేవు. వాటికి ఓచర్లుండవు.

ఆ కాగితం పట్టుకుని సర్పంచ్ గారి ఇంటికి వెళ్లాను. ఆమె డ్వాక్రా గ్రూపు నుంచి పైకొచ్చిన మనిషి. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో మహిళా రిజర్వేషన్‌లో గెలిచారు. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవని చట్టం. ఎవరు ఏ పార్టీయో తెలియని వాళ్లు ఊళ్లో ఉండరనేది వాస్తవం. అప్పటి వరకు నేను ఫోన్ చేస్తే ఆమె భర్తే ఎత్తేవారు, “నేను చెప్తాలెండి” అనేవారు. ఆ రోజు ఆయన ఊళ్లో లేరు. ఆమె కాగితం రెండుసార్లు చదివారు. గ్రూపు లెక్కలు రాసిన చెయ్యి కదా, కూడికలు మళ్లీ చేసి చూసుకున్నారు. “ఇసుక సంగతి నాకు అర్థం కాలేదు సెక్రటరీ గారూ, ఒకసారి చూపించండి” అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఫిల్టరు బెడ్ల దగ్గరికి వచ్చారు. నీళ్లు తీసేసిన బెడ్డులోకి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి చెక్కుకుని దిగారు. కాలు వేస్తే జారింది. వంగి గుప్పెడు ఇసుక తీసి బకెట్లో వేసి చేత్తో కలిపారు. నీళ్లు గోరింటాకు రుబ్బిన నీళ్లలా అయ్యాయి. వాసన చూశారు. “తవుడు వాసన” అన్నారు. ఆ బకెట్టును అలాగే ఆటోలో పెట్టించి పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లి మీటింగు బల్ల కింద పెట్టారు. ఆ రోజు మీటింగులో మెంబర్లు దాన్ని తప్పించుకుని కాళ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. నా కాగితం చేయలేని పని ఆ బకెట్టు చేసింది.

ఆ నీళ్లు తాగేదెవరు?

ఇంత చూశాక కూడా ముగ్గురు మెంబర్లకు ఉత్సాహం రాలేదు. కారణం కొంత ఆలస్యంగా తెలిసింది. వాళ్ల ఇళ్లలో చెరువు నీళ్లు తాగరు. శుద్ధి చేసిన నీళ్లమ్మే ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్నులు వస్తాయి. కుళాయి నీళ్లు గిన్నెలకు, స్నానాలకు, గేదెలకు. చెరువు నీళ్లు నిజంగా తాగేది రెండు కాలనీలు, ఊరి చివర యానాదుల గుడిసెలు. రోజూ టిన్ను కొనలేని ఇళ్లు అవి. ఊళ్లో మాట చెల్లే వాళ్లు ఒక నీళ్లు, మాట చెల్లని వాళ్లు ఇంకో నీళ్లు తాగుతున్నప్పుడు నీళ్ల మీద తీర్మానం ఎంత నెమ్మదిగా కదులుతుందో నేను కళ్లారా చూశాను.

మరి గ్రామసభలో ఆ కాలనీ వాళ్లెందుకు అడగలేదు? గ్రామసభ పొద్దున 11 గంటలకు పెడతాం. ఆ టైంకి వాళ్లు ఒకరి పొలంలో నాట్లేస్తుంటారు, లేదా మిరపకాయలు కోస్తుంటారు. ఎవరున్నారో వాళ్ల సంతకాలు తీసుకుని, కోరం చూసుకుని, ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తాం. చట్టం దృష్టిలో సభ జరిగింది.

2023 జూన్‌లో పాటకు ముందు సభను రాత్రి ఏడున్నరకు, తూర్పు కాలనీ రామాలయం ముందు పెట్టాం. పై నుంచి ఆ టైంకి అనుమతి ఉందా అని ఒకరు అడిగారు. వద్దని ఎక్కడా రాసి లేదు కదా అన్నాను. కరెంటు పోయింది, సెల్‌ఫోన్ లైట్లలో సాగింది. మైకు లేకపోవడం వల్లేనేమో ఆడవాళ్లు దగ్గరికి జరిగి కూర్చుని బాగా మాట్లాడారు. ఒక ముసలావిడ నన్ను చూపించి “ఏవమ్మాయ్, నువ్వు ఆ నీళ్లు తాగుతావా?” అంది. నేను గుంటూరు నుంచి సీసా తెచ్చుకుంటాను. జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి ఆఫీసులో కుండ పెట్టించి కుళాయి నీళ్లే తాగుతున్నాను. గొప్పకు చెప్పడం లేదు, అడిగింది కాబట్టి తాగుతున్నాను.

ఆ సభ చేసిన తీర్మానం మేరకు 1433 ఫసలీకి చెరువు పాట ఆపేశాం. ఈసారి రద్దు చేయాల్సిన పాటే లేదు కాబట్టి వకీలు గొడవ లేదు. పాత పాటదారు చివరి పట్టు పట్టుకుని వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ గట్టు మీది వెదురు గడలు కూడా పీకి శుభ్రం చేసి ఇచ్చాడు.

డబ్బు

పాట సొమ్ము పోతే జనరల్ ఫండ్‌లో బొక్క పడుతుంది. గ్రీన్ అంబాసిడర్ల (పారిశుద్ధ్య కార్మికుల) జీతాలు, వీధి దీపాల బల్బులు అన్నీ అందులోంచే. పూడ్చడానికి కనిపించే దారి ఇంటి పన్ను బకాయిలు. ఇక్కడొక సరదా సంగతి. పన్ను వసూలుకు వెళ్తే మా వైపు పెద్దలు పెదనందిపాడు పేరు ఎత్తుతారు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా అంతా ఇంగ్లీషు వాళ్లకు శిస్తు కట్టబోమని ఎదురు తిరిగింది. “మా తాతలు తెల్లోడికే కట్టలేదు” అని నవ్వుతూ తలుపేస్తారు. మీ తాతలు కట్టనిది తెల్లవాడి శిస్తు, ఇది మీ కుళాయి ఖర్చు అని చెప్పి చెప్పి నా గొంతు పోయేది.

ఆ ఏడాది మాత్రం డిమాండు నోటీసు వెనక ఆ ఒక్క కాగితాన్నే జిరాక్సు తీసి కుట్టాం. ఎడమ వరస, కుడి వరస. బకాయిలన్నీ వచ్చాయని చెప్పను. చేపల సొమ్ముకు బదులు సరిపడా వచ్చాయి. ఎక్కువగా కట్టింది టిన్నుల నీళ్లు తాగే ఇళ్లే. నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాని సంగతి అది.

చెరువు చుట్టూ కంచె, కొత్త ఇసుక, గేదెలు దిగకుండా విడిగా నీళ్ల తొట్టి కోసం 15వ ఆర్థిక సంఘం నిధులు చూశాం. అందులో 60 శాతం ముడిపడిన నిధులు: సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. డబ్బుంది, కానీ ఆ పనులు ఆ ఏడాది ప్లానులో లేవు. ఈగ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో ప్లాను కింద నమోదు కాని పనికి బిల్లు పెట్టలేం. ప్లానులో మార్పు చేయించి, మళ్లీ తీర్మానం, మళ్లీ అంచనాలు అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. పని మొదలుపెట్టిన కొన్ని వారాలకే, మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ముందే మొదలైన పని కాబట్టి బతికిపోయాం. ఇంకో నెల ఆలస్యమైతే జూన్ దాకా కంచె లేదు.

2024 ఎండాకాలం

అసలు పరీక్ష ఆ ఎండాకాలం పెట్టింది. 2023లో కృష్ణకు సరైన వరద రాలేదు. శ్రీశైలం, సాగర్ రెండూ వెలవెలపోయాయి. కాలవకు ఎన్ని రోజులు నీళ్లిస్తారో ఎవరూ ధైర్యంగా చెప్పలేని పరిస్థితి. అప్పుడు కూర్చుని లెక్క కట్టాం. ఏ పంచాయతీ అయినా కట్టుకోగలిగిన లెక్కే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

జల్ జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. 3 వేల మందికి 1 లక్షా 65 వేల లీటర్లు. చెరువు 4 ఎకరాలు, అంటే సుమారు 16 వేల చదరపు మీటర్లు. మా ఎండకు రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరవుతుందనుకున్నా 96 వేల లీటర్లు. ఊరు తాగేదాంట్లో సగం పైగా సూర్యుడు తాగుతాడు. రెండూ కలిపి రోజుకు 2 లక్షల 61 వేలు. అడుగున బురద మీద నిలిచే అర మీటరు నీళ్లను తీసేసి చూస్తే, చెరువు మీటరుంబావు లోతు నిండితే 46 రోజులు వస్తుంది. రెండు మీటర్లు నిండితే 92 రోజులు. గట్ల వాలు, ఊట పోవడం ఇందులో కలపలేదు. కాబట్టి ఇది మంచి వైపు లెక్క.

ఏప్రిల్‌లో తాగునీటి కోసమని కాలవకు నీళ్లు వదిలారు. చివరి ఊళ్లం కదా, మా దాకా రావాలంటే పైన ఎవరూ లాగకూడదు. మొదటి రోజు తూము దగ్గర చీలమండ లోతు వచ్చింది. కాలవ కాపలా చూసే లస్కరు సైకిలేసుకుని పైకి వెళ్లి వచ్చి, మూడు చోట్ల ఆయిల్ ఇంజన్లు పెట్టారన్నాడు. ఎండుతున్న పైరుకు చివరి తడి అది. వాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాలేదు. సర్పంచ్ గారు ఆ ఊళ్ల సర్పంచ్‌లకు తనే ఫోన్ చేశారు. రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఐదు దాకా ఇంజన్లు ఆపేటట్టు, పగలు వాళ్లు తడుపుకునేటట్టు మాట కుదిరింది. రాతకోతలేమీ లేవు. ఆ వారం రాత్రిళ్లు వీఆర్వో, మహిళా పోలీసు, నేను, వంతుల వారీగా ఇద్దరు మెంబర్లు తూము దగ్గరే ఉన్నాం. టిన్నుల నీళ్లు తాగే మెంబర్లలో ఒకాయన రెండో రాత్రి ఫ్లాస్కులో టీ తెచ్చాడు. ఏ నీళ్లతో పెట్టారని నేను అడగలేదు.

ఏడో రోజుకు గట్టు రాయి మీద మేం గీసుకున్న గీతకు అర అడుగు కిందికి వచ్చి ఆగింది. దాంతోనే నెట్టుకొచ్చాం. మే చివర్లో రోజు విడిచి రోజు వదిలాం, తిట్లు తిన్నాం. కానీ ఆ వాల్వు తాళం తీయలేదు. బెడ్లు నెల దాటినా దిగాయి. ఆపరేటరు పొద్దున్నే ఇసుక ఫొటో, ఓటీ గొట్టం ఫొటో గ్రూపులో పెట్టడం అలవాటు చేసుకున్నాడు. పసుపు రాని రోజున కూడా పెడతాడు. రిజిస్టరు కంటే అదే నాకు నమ్మకం. రిజిస్టరులో ఇప్పుడు సిరాలు మారుతున్నాయి, ఒకరోజు రాయడం మర్చిపోయిన ఖాళీ వరస కూడా ఉంది. ఆ ఖాళీని నింపవద్దని నేనే చెప్పాను.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులు తీర్మానించమన్నారు. మా సభలో మొదటి పనిగా పిల్ల కాలవ పూడికతీత రాయించింది తూర్పు కాలనీ ఆడవాళ్లే. రాత్రి సభ కాదు, పగలే. కూలి మానుకుని వచ్చారు.

ఇప్పుడు చెరువు

చేపలు పోయాక నీళ్లు తేటపడ్డాయి. తేటపడేసరికి ఎండ అడుగు దాకా దిగింది. ఎండ దిగేసరికి అడుగున గడ్డి మొలిచింది. పాట ఉన్న రోజుల్లో లేని గడ్డి. గట్టు వార గుర్రపు డెక్క కూడా చేరింది. కూలీలతో రెండుసార్లు తీయించాం, మళ్లీ వచ్చింది. గడ్డి కుళ్లితే నీళ్లకు వాసన వస్తుంది, దోమలు పెరుగుతాయి. చేపల సంగతి తెలిసిన వాళ్లను అడిగితే మందు కొట్టవద్దన్నారు. గడ్డిచేప పిల్లలు లెక్క ప్రకారం కొన్ని వదలండి, మేత వేయకండి, గడ్డే వాటి మేత అన్నారు.

మీటింగులో ఈ మాట చెప్పేసరికి ఉప సర్పంచ్ పగలబడి నవ్వాడు. “చేపలొద్దని రెండేళ్లు ఊరంతా తిప్పి, ఇప్పుడు చేపలేద్దాం అంటారేంటి మేడం? ఆ బకెట్టు మళ్లీ తెప్పించమంటారా?” పాత పాటదారుకు అప్పుడే కబురు అందింది. పెద్దయ్యాక ఆ చేపల్ని పట్టేదెవరు, పాట పెడతారా అని అడిగించాడు. పాట పెడితే షరతులేంటి, పెట్టకపోతే పట్టిన చేపలు ఎవరివి, కాలనీ వాళ్లకు పంచవచ్చా, పంచితే ఆడిట్‌లో ఏమని రాయాలి? ఒక్కదానికీ నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఈసారి షరతుల కాగితం మాత్రం కొత్తగా రాస్తున్నాను, ఖాళీ పేజీ మీద. వచ్చే నెల అజెండాలో అది నాలుగో అంశం. మూడోది శ్మశానం దారి. దాని మీదే మధ్యాహ్నం దాటేటట్టుంది.